ఒక సంవత్సరపు కళాప్రదర్శనములు



నేడు నేను చెప్పదలచినది చిత్రకళాప్రదర్శనములను గూర్చి. ఈ మాట చెవిని బడినతోడనే, "ఇది పట్టణములవారి వేడుక, దీనితో మనకేమి పని?" అని మీలో కొందరు అనుకొనవచ్చును. నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగును, కొంత సంస్కృతమును చెప్పినవాడను. కుంచె పట్టినవాడను కాను. కావున రంగులను గూర్చియు రేఖలను గూర్చియు పాండిత్యము చూపబోను. పదిమంది కలసి యొక కార్యము తలపెట్టినపుడు దానికి బాధ్యుడెవడు, అందు కీడు వాటిల్లినచో జవాబు చెప్పవలసిన వాడెవడు అను ప్రశ్నను మాత్రము మీ యెదుట పెట్టెదను. చెరువుకట్ట, దేవాలయము, బడి, పంటకాలువ - వీని విషయమున ఈ ప్రశ్నను మీరు నిత్యము వేయుచునే యున్నారు. లోకప్రసిద్ధములైన కళాప్రదర్శనములకును ఇదే ప్రశ్న ఎదురగునని 2022వ సంవత్సరము తేటతెల్లము చేసినది.

ఆ సంవత్సరమునే ఏల యెన్నుకొంటినందురా? కరోనా మహమ్మారి వలన అంతకు ముందటి రెండేండ్లును ప్రదర్శనశాలల తలుపులు చాలకాలము మూతబడి యుండెను. ఇటలీదేశపు వెనిస్ నగరమున 2021లో జరుగవలసిన ప్రదర్శనము మరుసటి యేటికి జరిగెను. మనదేశమున కొచ్చి నగరమున 2020లో జరుగవలసినది రెండేండ్లు వెనుకబడెను. జర్మనీయందలి కాసెల్ పట్టణమున ఐదేండ్లకొకసారి జరుగు ప్రదర్శనమునకు సహజముగనే ఆ యేట వంతు వచ్చెను. ఇట్లు మూడు మహాప్రదర్శనములు ఒక్క సంవత్సరముననే తెరువబడెను. వీనిలో కొచ్చి ప్రదర్శనమును నేను కన్నులార చూచితిని. తక్కిన రెంటిని పత్రికలలోని వృత్తాంతములవలనను, ఛాయాచిత్రములవలనను గ్రహించితిని.

ముందుగా ఒక మాట. ఈ కాలపు కళాప్రదర్శనమనగా గోడకు తగిలించిన పటములు మాత్రమే కావు. త్రాళ్ళతో అల్లిన బొమ్మలుండును, చలనచిత్రములుండును, పాటలుండును, ఒక్కొక్కచోట వంటశాలయు ఉండును. ఇది వింతగా తోచనక్కరలేదు. మన పూర్వులును చిత్రమును నృత్తగీతములనుండి వేరుచేసి చూడలేదు. విష్ణుధర్మోత్తర పురాణమునందలి చిత్రసూత్రమే యందుకు నిదర్శనము.

ఇక వెనిస్ సంగతి. అది నీటినడుమ కట్టిన పట్టణము. అచ్చట 1895వ సంవత్సరమున ఆరంభమైన ప్రదర్శనము సాధారణముగా రెండేండ్లకొకసారి జరుగుచున్నది. ఒక ప్రధాన ప్రదర్శనము గాక, అనేక దేశములవారికి ప్రత్యేక మంటపములును కలవు. 2022లో ఏప్రిలు 23 మొదలు నవంబరు 27 వరకు జరిగిన ప్రధాన ప్రదర్శనమును కూర్చినది సిసీలియా అలెమానీ యను ఇటలీ విదుషి. ఆమె దానికి "కలల పాలు" అని పేరు పెట్టెను. లియొనోరా కారింగ్టన్ అను చిత్రకారిణి పిల్లలకొరకు వ్రాసిన పుస్తకపు పేరది. అందు పాల్గొన్నవారు 58 దేశములకు చెందిన 213 మంది. వారిలో స్త్రీలే మిక్కిలి అధికులు. వెనుకటి ప్రదర్శనములలో ఎన్నడును ఇట్లు జరిగి యుండలేదు. ఆ స్త్రీలలో మన దేశపు మృణాళినీ ముఖర్జీ యొకరు. 1949లో పుట్టి 2015లో కాలధర్మము చెందిన ఈమె జనపనార త్రాళ్ళను ముడివైచి మనుష్యప్రమాణమునకు మించిన విగ్రహములను నిర్మించెను. మన యిండ్లలో ఉట్టియు పలుపును అల్లుటకు వాడు విద్యయే ఆమె చేతిలో దేవతారూపములను దాల్చెను. అయినను, భారతదేశమునకు ఆ యేట అచ్చట స్వకీయమైన మంటపము లేదు.

ప్రధాన ప్రదర్శనమున ఉత్తమ బహుమానమైన బంగారు సింహమును పొందినది అమెరికాకు చెందిన సిమోన్ లీ యను నల్లజాతి శిల్పిని. ఆమె పోతపోసిన కంచు విగ్రహము పదునారడుగుల యెత్తు గలది. తల స్త్రీది; కన్నులు లేవు. మొండెము ఆఫ్రికాలోని మట్టియింటి ఆకారమున నున్నది. తరతరములుగా ఇల్లు మోసిన స్త్రీయే ఇల్లయి నిలిచినట్లున్న ఆ బొమ్మను చూచినచో మన ముసలమ్మలకు ఎవరును అర్థము చెప్పనక్కరలేదు.

అయితే ఆ యేటి వెనిస్ ప్రదర్శనమున నా మనస్సును పట్టినవి రెండు మంటపములు. 2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సేనలు ఉక్రెయిను దేశముపై దండెత్తెను. ఉక్రెయిను మంటపమునకు పావ్లో మకోవ్ అను చిత్రకారుడు ఒక జలయంత్రమును సిద్ధము చేయవలసి యుండెను. 1995లోనే ఆయన మనస్సున పుట్టిన యూహ యది. డెబ్బది యెనిమిది కంచు గరాటులు. పైవరుసలో ఒకటి, దాని క్రింద రెండు, దాని క్రింద మూడు - ఇట్లు పండ్రెండు వరుసలు. పై గరాటులో పోసిన నీరు రెండుగా చీలి క్రిందికి జారును. వరుస వరుసకును చీలి చీలి, అడుగునకు చేరునప్పటికి చుక్కలు మాత్రమే మిగులును. కాలువ తలకట్టుననున్న వాని పొలము మునుగుచుండగా, చివరివాని మడి బీటలు వారుటను చూచిన మనకు దీని భావము తెలియనిదా? ఎవరి చేతికిని చాలని నీరు ప్రజల అలసటకు గురుతని ఆయన తలంపు. యుద్ధమారంభమైనతోడనే ఆ మంటపపు నిర్వాహకులలో నొకరైన మారియా లాంకో యను యువతి ఆ గరాటులను పెట్టెలలో సర్ది, తన కారులో పెట్టుకొని, కీవ్ నగరము విడిచి బయలుదేరి, దేశములు దాటి వెనిస్ చేర్చెను. పైనుండి గుండ్లు కురియుచున్నను, తనకప్పగించిన సొత్తును ఆమె విడువలేదు.

రెండవది రష్యా మంటపము. అందు తమ కృతులను చూపవలసిన కిరిల్ సావ్‌చెంకోవ్, అలెగ్జాండ్రా సుఖరేవా యను ఇరువురు కళాకారులును, నిర్వాహకుడైన రైముందాస్ మలషౌస్కాసును యుద్ధము మొదలైన కొలదిదినములకే తప్పుకొనిరి. మంటపము ఆ సంవత్సరమంతయు మూతబడియే యుండెను. యుద్ధము వారు తెచ్చినది కాదు. అయినను ఏ పేరు క్రింద తాము నిలువవలసి యున్నదో ఆ పేరునకు సంబంధించిన బాధ్యత తమకు కొంత కలదని వారు తలచిరి. మూసిన తలుపు సహితము ఒక్కొక్కప్పుడు గట్టిగా మాటాడును.

ఇక కాసెల్ పట్టణమునకు వత్తము. అచ్చటి ప్రదర్శనము పేరు డాక్యుమెంటా. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులదెబ్బకు ఆ పట్టణము చాలవరకు నేలమట్టమయ్యెను. నాజీలు నవీనచిత్రములను "భ్రష్టకళ" యని నిందించి, 1937లో వానిని పరిహసించుటకే యొక ప్రదర్శనము జరిపిరి. ఆ కళంకము కడుగుకొనుటకో యన్నట్లు 1955లో ఆర్నోల్డ్ బోడె యను చిత్రకళోపాధ్యాయుడు ఈ ప్రదర్శనమును నెలకొల్పెను. ఇది నూరుదినముల యుత్సవము. 2022లో జూను 18 నుండి సెప్టెంబరు 25 వరకు జరిగిన పదునైదవ ప్రదర్శనమునకు కర్తృత్వము ఇండోనేషియాలోని జకార్తా నగరపు "రువాంగ్‌రూపా" యను కళాకారబృందమునకు లభించెను. ఆసియావారికి ఈ గౌరవము దక్కుట అదియే ప్రథమము. ఈ పేరున నున్న "రూపా" మన సంస్కృతపు రూపశబ్దమే. ఆ ద్వీపములకు మన భాష ఎన్నడో సముద్రము దాటిపోయి నిలిచినది.

వారు ప్రదర్శనమునకు మూలసూత్రముగా గైకొన్నది లుంబుంగ్. లుంబుంగ్ అనగా ఇండోనేషియా పల్లెలలోని ఉమ్మడి ధాన్యపు గాదె. ఎవరి పంటలో మిగిలినది వారందుంచి, ఊరివారందరు కూడి నిశ్చయించి, అవసరమైన వారికి పంచుకొందురు. కళయు అట్లే ఉమ్మడి సొత్తు కావలెనని వారి యాశయము. ఒక్కొక్క ప్రసిద్ధుని గాక, లోకములోని అనేక బృందములను పిలిచిరి. పిలువబడినవారు మరికొందరిని పిలిచిరి. వెరసి వేయిమందికి పైగా కళాకారులు చేరిరి. ధనము ఎట్లు వినియోగింపవలెనను విషయమును కూడ సభలు చేసి మాటాడుకొనిరి. ఆ సభలకు "మజ్లిస్" అనియే పేరు. ఢాకానుండి వచ్చిన బృందమొకటి అచ్చట వంటశాలను నెలకొల్పి, నానాదేశములవారిచేత వండించి, వచ్చినవారికి వడ్డింపించెను. నూరుదినములలో దాదాపు 7,38,000 మంది ప్రదర్శనమును దర్శించిరి.

ఈ యూహ ఎంత మంచిదో మీకు వేరుగ చెప్పవలెనా? కాని గాదె ఉమ్మడిదైనపుడు, అందులోనికి వచ్చు ప్రతి బస్తాను విప్పి చూచువాడొకడు ఉండవలెను గదా! అచ్చటనే చిక్కు వచ్చెను.

ఇండోనేషియాలోనే "తారింగ్ పాడి" యను మరియొక బృందము కలదు. వరి కోర యని ఆ పేరున కర్థము. వారు 2002లో చిత్రించిన మహాపటమొకటి కాసెల్ పట్టణపు నడివీథిమైదానమున తగిలింపబడెను. సుహార్తో యను నియంత యేలుబడిలో తమ ప్రజలు పడిన బాధలను, అతనికి తోడ్పడిన పరదేశములను నిందించుటకు వ్రాసిన పటమది. అందున్న వందలకొలది బొమ్మలనడుమ, యూదులను కోరలుగల రాక్షసునివలెను, పందిమొగముగల సైనికునివలెను చూపిన రెండు బొమ్మలును ఉండెను. అరువదిలక్షల యూదులను నాజీలు సంహరించిన ఆ జర్మనీలో, ఆ నాజీలు పత్రికలలో ముద్రించిన బొమ్మలవంటివే మరల బహిరంగముగా కనబడెను. ప్రజలు నివ్వెరపోయిరి. జూను 20వ తేదీన పటముపై నల్లగుడ్డ కప్పిరి, 21న దింపివేసిరి. చిత్రకారులును, రువాంగ్‌రూపావారును క్షమాపణము చెప్పిరి. ప్రదర్శన సంస్థకు ముఖ్యాధికారిణియైన సబీనె షోర్మన్ జూలైలో పదవి విడిచెను.

ఇందు విచారింపవలసిన విషయమొకటి కలదు. యూదద్వేషమును గూర్చిన ఆరోపణలు ఆ సంవత్సరారంభమునుండియే వినబడుచుండెను. అందరును కూర్చుండి మాటాడుకొనుటకు మే నెలలో చర్చాసభలు ఏర్పాటయ్యెను. అవి జరుగకమునుపే నిలిచిపోయెను. నిర్వాహక సంస్థ, చిత్రములను ముందుగ పరీక్షించుట తన పని కాదనెను. కళాకర్తలు బృందములను నమ్మిరి. బృందములు తమతమ పనులలో నుండిరి. ఇట్లు వందలమంది బాధ్యులుగ నున్నను, ఆ పటమును ఎత్తుటకు ముందు దాని యెదుట నిలిచి, "ఇది ఈ యూరివారిని ఎట్లు గాయపరుచును?" అని యడిగిన వాడొక్కడును లేడయ్యెను. అందరి సొత్తు ఎవరి సొత్తును కాకపోవుట యన ఇదియే.

మనదేశపు కొచ్చి ప్రదర్శనమున వేరొక విధమైన చిక్కు కలిగినది. కొచ్చి-ముజిరిస్ బియెన్నాలె యను ఈ ప్రదర్శనమును చిత్రకారులైన బోస్ కృష్ణమాచారి, రియాస్ కోమూలు 2012 డిసెంబరు 12వ తేదీన తొలిసారి తెరచిరి. ఐదవదానికి నిర్వాహకురాలు సింగపూరునందు నివసించు శుభిగీ రావు. ఈమె ముంబాయిలో పుట్టినది. లోకమున తగులబెట్టబడిన గ్రంథాలయములను, నిషేధింపబడిన గ్రంథములను గూర్చి 2014 మొదలుకొని పదియేండ్ల పరిశోధనమును పెట్టుకొని, అందు మూడవభాగమును 2022లో వెనిస్ నగరపు సింగపూరు మంటపమున ప్రదర్శించినదియు ఈమెయే. జీవితమంతయు గ్రంథములతో గడపిన నాకు ఆమె పనిపై ఎంత గౌరవమో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రదర్శనమునకు ముఖ్యస్థానము ఆస్పిన్‌వాల్ భవనము. ఒకప్పుడు మిరియాలు, అల్లము, పసుపు, కొబ్బరినూనె ఎగుమతిచేసిన వర్తకుల కోష్ఠమది. 2022 డిసెంబరు 12న ప్రారంభోత్సవసభ జరిగెను గాని ముఖ్యశాలలు సిద్ధము కాలేదు. అవి 23వ తేదీన తెరువబడెను. దూరదేశములనుండి వచ్చిన కళాకారుల సామగ్రి సకాలమున చేరలేదు. వానలకు కప్పులు కారెను. విద్యుత్తు నిలుకడగా లేదు. పని చేయువారు చాలలేదు. ఏబదిమందికి పైగా కళాకారులు కలసి ఈ కష్టములను వివరించుచు బహిరంగలేఖ వ్రాసిరి. భవనము స్వాధీనమగుటలో జాగు, తుపానువానలు, ధనపు కొరత కారణములని నిర్వాహకులు చెప్పిరి. ఆ కారణములు నిజములే కావచ్చును. కాని పెండ్లికి పిలిచి, బంధువులు వాకిట దిగిన తరువాత పందిరి వేయలేదనుట గృహస్థునకు తగునా? బంధువు కినుక వహించుట తప్పనవచ్చునా?

అయినను ఆ ప్రదర్శనమును చూచినందుకు నాకు మిక్కిలి సంతృప్తి కలిగెను. అది 2023 ఏప్రిలు 10 వరకు సాగెను. నాతోడ వచ్చిన వృద్ధమిత్రులొకరు శ్రీశైల జలాశయమున మునిగిన గ్రామమువారు. అచ్చట గోవాకు చెందిన సాహిల్ నాయిక్ అను శిల్పి కుర్డీ గ్రామమును గూర్చి చేసిన రచనయొకటి మేము చూచితిమి. గోవాలో సలౌలీ ఆనకట్టవలన 1980లలో ఆ గ్రామము నీట మునిగెను. ప్రసిద్ధ గాయని మోగూబాయి కుర్డీకర్ జన్మస్థానమదియే. ప్రతి సంవత్సరము మేనెలలో నీరు తగ్గినపుడు ఊరి శిథిలములు బయటపడును. చెదరిపోయిన గ్రామస్థులు వచ్చి, తమ గుడిచెంతను, తమ ఇంటి పునాదులచెంతను కూడి పండుగ చేసికొందురు. మన సంగమేశ్వరస్వామి ఆలయము వేసవిలో కృష్ణనీటినుండి తలయెత్తుటను చూచినవారికి ఈ కథ క్రొత్తది కాదు. నా మిత్రులు అచ్చట చాలసేపు నిలిచిరి. వెలుపలికి వచ్చిన తరువాత ఒక్కమాట యనిరి: "మాస్టరుగారూ, నష్టపరిహారపు కాగితములలో మా ఊరు సర్వే నంబరులుగా నున్నది. ఊరుగా ఎవరైన ఎచ్చటనైన వ్రాసి పెట్టినారా?"

ఈ ప్రశ్నకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. కళాప్రదర్శనమునకు ప్రయోజనమేమని యెవరైన అడిగినచో, ఇట్టి ప్రశ్నను ఒక మనుష్యునినోట పలికించుటయే యని చెప్పెదను. అట్టి ప్రశ్న పుట్టవలెనన్న ఆ శిల్పము నిలుచుటకు కారని కప్పు కావలెను. సకాలమున తెరువబడిన తలుపు కావలెను. శిల్పి శ్రమకు తగిన ప్రతిఫలము కావలెను. ఇవి చిన్నపనులని త్రోసివేయుటకు వీలులేదు.

ఇచ్చట మీలో విజ్ఞులొకరు నన్నిట్లడుగవచ్చును: "పెద్దలు ముందుగ పరీక్షింపవలెనందురు గదా, అట్లయిన చిత్రకారుని స్వేచ్ఛ యేమగును? నాజీలు చేసినదియు పరీక్షయే కాదా?" ప్రశ్న న్యాయమైనది. నా తలంపు చెప్పెదను. కట్టడి వేరు, జవాబుదారీ వేరు. కట్టడి చేయువాడు తనకు నచ్చనిదానిని దాచును; ఏల దాచెనో చెప్పడు. జవాబుదారి యైనవాడు తన యింటిలో ఏమున్నదో తానెరిగి యుండును. కఠోరమైన చిత్రమునైనను, నిలుపదగినదని తలచినచో నిలుపును. నొచ్చుకొన్నవాడు వచ్చి యడిగినపుడు తలుపు మూయక, కూర్చుండబెట్టి కారణము చెప్పును. తప్పని తేలినచో తన చేతులతోనే దింపును. కాసెల్ నగరమున నల్లగుడ్డ కప్పక తప్పని స్థితి యేర్పడినది. మే నెలలో ఆ మాట జరిగియుండినచో, ఆ పటమున సుహార్తో కాలపు బాధితుల మొర లోకమునకు వినబడియుండెడిదేమో. రెండు బొమ్మల పాపమువలన ఆ మొరయు గుడ్డ మాటున పడినది. గాయపడిన యూదులకును న్యాయము ఆలస్యముగనే లభించినది.

పెద్దలారా! మీ గ్రామములకును ప్రదర్శనములు వచ్చును. బడిలో పిల్లల చిత్రములు పెట్టుదురు. జాతరలో పటము కథ చెప్పువారు వత్తురు. పట్టణమునుండి యువకులు వచ్చి మీ గోడలపై బొమ్మలు వ్రాయుదుమందురు. "మాకు కళ తెలియదు" అని తొలగిపోకుడు. వచ్చినవారికి పందిరి సిద్ధముగ నున్నదో లేదో చూడుడు. వారి కూలియు దారిఖర్చును ముందే నిర్ణయింపుడు. ఏమి వ్రాయుదురో చెప్పుమని కోరుడు, శ్రద్ధతో వినుడు. ఊరిలో ఎవరి మనస్సైన నొచ్చునని తోచినచో వారినే పిలిచి, చిత్రకారునితో కూర్చుండబెట్టి మాటాడింపుడు. ఈ పని చేయుటకు చిత్రశాస్త్రము చదువనక్కరలేదు. ఉమ్మడి చెరువును కాపాడిన యనుభవము చాలును.